అద్దె పెంచింది పక్కింటివాడేనా?

ఆఫర్ లెటర్ రాగానే మనం చూసేది ప్యాకేజీ. తర్వాత కంపెనీ పేరు. ఆ తర్వాత బాండ్ ఉందా లేదా. ఆఫీసు ఏ ఏరియాలో ఉంది, దాని చుట్టుపక్కల సింగిల్ బెడ్‌రూమ్‌ అద్దె ఎంత అన్నది ఉద్యోగంలో చేరాక గానీ గుర్తురాదు. మొదటి జీతం పడుతుంది. అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్స్ కోసం ఇంట్లోవాళ్ల దగ్గర తెచ్చిన డబ్బు పోగా అకౌంట్‌లో మిగిలింది చూస్తే కోపం వస్తుంది. ఆ కోపం ఎవరి మీదికి పోతుందో ఎప్పుడైనా గమనించారా?

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అయితే ‘నార్త్ వాళ్లొచ్చి రెంట్లు పెంచేశారు’ అంటారు. బెంగళూరులో అదే మాట మనల్ని అంటారు. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా చేరిన సబర్బ్‌లలో ‘ఇండియన్స్ వచ్చాక ఇక్కడ ఇల్లు కొనలేకపోతున్నాం’ అని వినిపిస్తుంది. ఊరు మారుతుంది, భాష మారుతుంది, మాట మాత్రం అదే. నాకు ఇంజినీరింగ్ పూర్తయి ఆరేళ్లయింది. మా బ్యాచ్‌లో సగం మంది హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నారు, మిగతావాళ్లలో చాలామంది డాలస్ చుట్టుపక్కల, కాలిఫోర్నియాలో ఉన్నారు. వాట్సాప్ గ్రూప్‌లో ఒకే రోజు ఒకడు బయటివాళ్లను తిడతాడు, ఇంకొకడు తనను బయటివాడన్నారని బాధపడతాడు. ఇద్దరూ అద్దె గురించే మాట్లాడుతుంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక ఏరియాకు కొత్త జనం రావడం, అక్కడ ఇళ్ల ధరలు పెరగడం ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి మొదటిదే రెండోదానికి కారణం అనుకుంటాం. అసలు లెక్క వేరు. అక్కడికి ఎన్ని ఉద్యోగాలొచ్చాయి, ఎన్ని ఇళ్లు కట్టనిచ్చారు అన్న రెండు అంకెల మధ్య తేడాయే అద్దెను నిర్ణయిస్తుంది. ఇది అర్థమైతే ఉద్యోగం ఎంచుకోవడంలోనూ, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలనే విషయంలోనూ మన నిర్ణయం మారుతుంది.

రెండు ఊళ్ల కథ

మనవాళ్లందరికీ తెలిసిన రెండు ఊళ్లు తీసుకుందాం. ఒకటి కాలిఫోర్నియాలోని కుపర్టినో, యాపిల్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. రెండోది టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో.

రెండు చోట్లా జనాభా స్వరూపం బాగా మారింది. కుపర్టినో ఒకప్పుడు పండ్ల తోటల ప్రాంతం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలనీలు లేచాయి, అప్పట్లో ఉన్నది ఎక్కువగా తెల్లవాళ్లే. 1965లో అమెరికా వలస చట్టం మార్చి దేశాలవారీ కోటాలు ఎత్తేసింది. 1990 చట్టంతో హెచ్1బీ వీసా వచ్చింది. చైనా, తైవాన్, ఇండియా నుంచి ఇంజినీర్లు వెళ్లారు. 2010 సెన్సస్ నాటికి కుపర్టినోలో 63 శాతం మంది ఆసియా మూలాలున్నవాళ్లే. ఫ్రిస్కోలో ఇదే మార్పు కాస్త ఆలస్యంగా మొదలై ఇంకా వేగంగా జరిగింది. 2020 సెన్సస్‌లో అక్కడ సుమారు నాలుగో వంతు ఆసియన్లు. కార్యసిద్ధి హనుమాన్ గుడి, తెలుగు సినిమాకు నిండిపోయే థియేటర్లు, బిర్యానీ హోటళ్లు అన్నీ ఉన్నాయి.

అంటే కొత్త జనం రావడం రెండు ఊళ్లకూ ఉమ్మడి. కొత్తవాళ్లే ధరలకు కారణమైతే రెండు చోట్లా ధరలు ఇంచుమించు ఒకేలా ఉండాలి కదా? కుపర్టినోలో మామూలు ఇల్లు 20 లక్షల డాలర్లు దాటి చాలా కాలమైంది. ఫ్రిస్కోలో ఆరేడు లక్షల డాలర్లకు దొరుకుతుంది. మూడు రెట్ల తేడా. జీతాల్లో మాత్రం మూడు రెట్ల తేడా లేదు.

ఈ తేడా ఎక్కడిదో సెన్సస్ లెక్కలే చెప్తాయి. 2010లో కుపర్టినో జనాభా 58,302. 2020లో 60,381. పదేళ్లలో పెరిగింది రెండువేల పైచిలుకు మంది. ఆ పదేళ్లలోనే, 2017లో, సుమారు 12,000 మంది పనిచేసే యాపిల్ పార్క్ అదే ఊళ్లో తెరుచుకుంది. పన్నెండు వేల మందికి కుర్చీలు వేసిన ఊరు రెండువేల మందికే మంచాలు వేసిందన్నమాట. అదే కాలంలో ఫ్రిస్కో జనాభా 1,16,989 నుంచి 2,00,509కి పెరిగింది. 1990లో ఆ ఊళ్లో ఉన్నది ఆరువేల పైచిలుకు మందే. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. జనం వచ్చారు, వాళ్లతోపాటు ఇళ్లూ వచ్చాయి.

ఇళ్లు ఎందుకు కట్టలేదు?

కుపర్టినోలో కొనేవాళ్లు ఉన్నారు, డబ్బుంది, బిల్డర్లు ఉన్నారు. మరి ఎందుకు కట్టలేదు? మొదటి కారణం జోనింగ్. ఊళ్లో చాలా భాగంలో ఒక స్థలంలో ఒక కుటుంబానికి ఒక ఇల్లే కట్టాలన్న నిబంధన దశాబ్దాల పాటు ఉండేది. మన భాషలో చెప్పాలంటే, ‘ఈ కాలనీలో ఇండిపెండెంట్ హౌస్‌లే, అపార్ట్‌మెంట్లకు పర్మిషన్ లేదు’ అన్నమాట.

రెండో కారణం 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13. దీని ప్రకారం ఆస్తి పన్ను కొన్న ధరను బట్టి లెక్కిస్తారు, ఆ విలువను ఏడాదికి 2 శాతం కంటే పెంచరాదు. 1980లో ఇల్లు కొన్నాయన, నిన్న కొన్న కుర్రాడు పక్కపక్కనే ఒకేలాంటి ఇళ్లలో ఉన్నా పన్నులో కొన్ని రెట్ల తేడా ఉంటుంది. పాత ఓనర్‌కి ధర పెరిగితే లాభమే తప్ప పన్ను భయం లేదు. అలాంటాయన పక్క వీధిలో అపార్ట్‌మెంట్ వస్తుందంటే ఎందుకు ఒప్పుకుంటాడు?

ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే అక్కడి వాల్కో మాల్ సంగతి చూడండి. మూతపడిన షాపింగ్ మాల్ స్థలంలో ఇళ్లు, ఆఫీసులు కట్టాలన్న ప్రతిపాదన 2016లో ఓటింగ్‌లో ఓడింది. 2018లో రాష్ట్ర చట్టం ఎస్‌బీ 35 కింద 2,402 ఇళ్లకు అనుమతి వచ్చింది. ఆ తర్వాత కూడా ఆ స్థలం ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంది. ఊరి నడిబొడ్డున, యాపిల్ పార్క్‌కి కూతవేటు దూరంలో.

ఇందులో జాతి గొడవ వెతకాల్సిన పని లేదు. ఇల్లు కొన్న మర్నాటి నుంచి తెల్లవాడైనా, చైనావాడైనా, గుంటూరువాడైనా, కరీంనగర్‌వాడైనా ఒకేలా ఆలోచించడం మొదలుపెడతాడు. కాలనీ ‘క్వాలిటీ’ పోకూడదు, ధర తగ్గకూడదు. నిన్నటిదాకా లోపలికి రావడానికి తంటాలు పడ్డవాడే ఇవాళ తలుపు వేస్తాడు.

దీని ఫలితం ఇంకో వింతకు దారి తీసింది. కుపర్టినోలో అంత ధర పెట్టి కొనేది ముఖ్యంగా స్కూళ్ల కోసం. ధరలు ఎంత పెరిగాయంటే చిన్నపిల్లలున్న కుటుంబాలు అక్కడికి రాలేకపోతున్నాయి. పిల్లలు తగ్గిపోయి 2022లో అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ కొన్ని ఎలిమెంటరీ స్కూళ్లు మూసేసింది. స్కూళ్ల వల్ల ధర పెరిగింది, ధర వల్ల స్కూళ్లు మూతపడ్డాయి.

ఫిర్యాదులో నిజమున్న సగం

అయితే ‘బయటివాళ్లొచ్చారు, మేం వెళ్లిపోవాల్సి వచ్చింది’ అనేవాళ్లందరిదీ అపోహ అని కొట్టిపారేయలేం. ఇళ్ల సంఖ్య పెరగని చోట ఎక్కువ జీతగాడు వస్తే తక్కువ జీతగాడు ఖాళీ చేయాల్సిందే. కుర్చీలాటలో కుర్చీలు పెంచకుండా మనుషుల్ని పెంచితే ఎవరో ఒకరు నిలబడాలి.

సిలికాన్ వ్యాలీలోనే ఈస్ట్ పాలో ఆల్టో అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో నల్లజాతివాళ్లకు ఇల్లు అమ్మేవాళ్లు కాదు, బ్యాంకులు అప్పు ఇచ్చేవి కాదు. దొరికిన కొద్ది చోట్లలో ఇదొకటి. 1980 నాటికి జనాభాలో సగానికి పైగా వాళ్లే. 2010 సెన్సస్ నాటికి వాళ్ల వాటా ఆరో వంతుకు పడిపోయింది. లాటినోలు మెజారిటీ అయ్యారు. ఇప్పుడు వాళ్ల మీదా ఒత్తిడి ఉంది. ఇల్లున్నవాళ్లలో కొందరు మంచి ధరకు అమ్ముకుని వెళ్లారు. అద్దెకున్నవాళ్లకు ఆ లాభం లేదు, దూరం మాత్రమే మిగిలింది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోనూ అంతే. 1970లో నల్లజాతివాళ్లు 13 శాతం, 2020లో 5 శాతం చుట్టూ.

ఇక్కడ మనం తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇవాళ మన తెలుగు కుటుంబం అమెరికాలో డబ్బుంటే ఏ కాలనీలోనైనా ఇల్లు కొనగలుగుతోందంటే దానికి కారణం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడం చట్టవిరుద్ధమని చెప్పిన చట్టం అది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు దానిపై సంతకం పడింది. నల్లజాతివాళ్లు పోరాడి తెరిపించిన తలుపులోంచి మనం లోపలికి వెళ్లాం. వాళ్లలో చాలామంది ఇళ్లు దొరక్క బయటికి వెళ్లిపోయారు. ఆ ఊళ్లలో బతకబోయే ప్రతి తెలుగు ఇంజినీరుకీ ఇది తెలిసి ఉండాలి.

కోపం దారి తప్పితే

అద్దె మీద కోపం మనుషుల మీదికి మళ్లితే ఎంతదాకా పోతుందో కూడా చరిత్రలో ఉంది. 1987లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీలో ‘డాట్ బస్టర్స్’ పేరుతో ఒక ఉత్తరం పత్రికకు వచ్చింది. ఆడవాళ్ల బొట్టును ఎగతాళి చేసే పేరది. ఇండియన్లను ఊళ్లోంచి వెళ్లగొడతామని బెదిరింపు. దాడులు జరిగాయి, ఒక భారతీయ యువకుడిని కొట్టి చంపారు. 2022లో ఫ్రిస్కో పక్కనే ఉన్న ప్లానోలో ఒక పార్కింగ్ స్థలంలో నలుగురు భారత సంతతి మహిళల మీద ‘మీ దేశం వెళ్లిపోండి’ అంటూ దాడి జరిగింది, దాడి చేసినావిడను పోలీసులు అరెస్టు చేశారు. వాటి వల్ల ఆ ఊళ్లలో ఒక్క ఇంటి ధర తగ్గలేదు, ఒక్క డాలర్ అద్దె తగ్గలేదు.

ఫ్రిస్కో స్వర్గం అనీ అనుకోవద్దు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు గానీ ఆస్తి పన్ను గట్టిగానే ఉంటుంది. ఇంటి విలువలో ఏటా 2 శాతం దగ్గర పడుతుంది, విలువ పెరిగే కొద్దీ పన్నూ పెరుగుతుంది. 2021లో 3 శాతం చుట్టూ ఉన్న హోమ్‌లోన్ వడ్డీ 2022 చివరికి 7 శాతాన్ని తాకింది. పాత వడ్డీకి కొన్నవాళ్లు అమ్మడం మానేశారు. ఫ్రిస్కోలో ఖాళీ స్థలం తగ్గే కొద్దీ కొనేవాళ్లు ఇంకా ఉత్తరానికి, ప్రాస్పర్‌కీ సెలీనాకీ జరుగుతున్నారు. ఆఫీసు మాత్రం జరగదు కాబట్టి కారులో గడిపే టైమ్ పెరుగుతోంది. ఇళ్లు కట్టడం ఆగిన రోజు ఫ్రిస్కో కూడా కుపర్టినో దారే పడుతుంది.

మరి మన హైదరాబాద్?

ఇదే కొలబద్దతో మన ఊరిని చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ మొదలైంది. అక్కడి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాకా ఆఫీసులు పరుచుకున్నాయి. రాయలసీమ, కోస్తా, ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి వచ్చారు. తర్వాత ఉత్తరాది, బెంగాల్, ఒడిశా నుంచి వచ్చారు. టవర్లలో కోడింగ్ చేసేవాళ్లూ వచ్చారు, ఆ టవర్లు కట్టేవాళ్లూ వచ్చారు.

ఒక విషయంలో హైదరాబాద్ కుపర్టినో కంటే నయం. 2006 నిబంధనల నుంచి ఇక్కడ స్థలానికి ఇంత నిర్మాణమే అన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎత్తు అనుమతిస్తారు. ఇన్ని ఉద్యోగాలొచ్చినా మనం ముంబై ధరలకు చేరకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మరి అద్దెలు ఎందుకు పెరిగాయి? 2023 ఆగస్టులో కోకాపేట భూముల వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. వేలం వేసింది ప్రభుత్వ సంస్థే. ఆ ధర పీజీలో ముగ్గురితో గది పంచుకునే భువనేశ్వర్ కుర్రాడు పెట్టలేదు. అంత ధరకు కొన్న భూమిలో బిల్డర్ కట్టేది పెద్ద పెద్ద ఫ్లాట్లే. కొత్తగా ఉద్యోగంలో చేరేవాడికి కావాల్సిన చిన్న ఇళ్లు ఆ టవర్లలో కనిపించవు. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసున్నవాళ్లు ట్రాఫిక్ భయంతో దగ్గర్లోనే ఉండాలనుకుంటారు. అందరూ అవే నాలుగు ఏరియాల్లో ఇళ్లు వెతుకుతారు. ఓనర్‌కి అంతకంటే ఏం కావాలి?

దీనికి తోడు మన అలవాట్లు. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ‘ఏ ఊరు? ఏమిటోళ్లు? నాన్‌వెజ్ తింటారా? బ్యాచిలర్సా?’ అని వరసగా అడుగుతారు. బయటి రాష్ట్రం వాడైతే ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ. మన దగ్గర ప్రైవేటు అద్దె ఇళ్ల విషయంలో అమెరికా లాంటి సమగ్ర చట్టం లేదు. పది ఇళ్లలో ఏడిళ్లు కాదంటే మిగిలిన మూడింటికీ ఎంత అడిగితే అంత ఇస్తాడు. తర్వాత మనమే ‘వాళ్లు ఎంతైనా ఇచ్చేస్తారు, అందుకే రెంట్లు పెరిగాయి’ అంటాం. వాళ్లంతా ఒకే సందులో ఉంటే ‘మనతో కలవరు’ అంటాం.

ఉద్యోగం వెతికే మీకు దీంతో పనేంటి?

చాలా పనుంది. మొదటిది, ఆఫర్‌ని అద్దె తీసేశాకే పోల్చండి. లెక్క కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. బే ఏరియాలో 1,40,000 డాలర్లు, డాలస్‌లో 1,10,000 డాలర్లు. తేడా 30,000. అందులో ఫెడరల్ పన్నులకే తొమ్మిది, పదివేలు పోతాయి. ఇరవైవేలు మిగిలాయనుకోండి. సింగిల్ బెడ్‌రూమ్ అక్కడ 2,800, ఇక్కడ 1,500 అయితే ఏడాదికి 15,600 తేడా. మిగిలిన నాలుగువేల చిల్లర కాలిఫోర్నియా రాష్ట్ర పన్నుకు చాలదు. కారు ఖర్చు రెండు చోట్లా తప్పదు. చేతిలో మిగిలేది డాలస్‌వాడికే ఎక్కువ. బే ఏరియాలో నేర్చుకునేది, కంపెనీ మారే అవకాశం ఎక్కువ అనుకుంటే వెళ్లండి, తప్పులేదు. కానీ దానికి ఎంత ధర కడుతున్నారో తెలిసి వెళ్లండి.

మన దగ్గరా అంతే. విశాఖలో 4 లక్షలు, బెంగళూరులో 5 లక్షలు అంటే నెలకు తేడా ఎనిమిదివేల పైచిలుకు. అద్దె, తిండి, ప్రయాణం కలిపి బెంగళూరులో ఎనిమిదివేలు ఎక్కువైతే మీకు పెరిగిందేమీ లేదు. అడ్వాన్స్ సంగతి వేరే. బెంగళూరులో పది నెలల అద్దె అడ్వాన్స్‌గా అడగడం చాలా కాలం మామూలు విషయం. 2021 మోడల్ టెనెన్సీ చట్టం నివాస గృహాలకు రెండు నెలలకు మించి తీసుకోవద్దంటుంది. కానీ అది నమూనా చట్టమే, రాష్ట్రాలు తెచ్చుకుంటేనే అమలు.

రెండోది, హెచ్‌ఆర్‌ని సిగ్గుపడకుండా అడగండి. వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలి? ఏ బిల్డింగ్? క్యాబ్ ఉందా? జాయినింగ్ బోనస్ చేరిన నెలలో ఇస్తారా, ఆరు నెలలకా? రెండు రోజులే ఆఫీసు అయితే మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో మెట్రో పక్కన ఉండొచ్చు. ఐదు రోజులైతే లెక్క మారుతుంది.

మూడోది, ఓటు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటెయ్యలేదు. ఎక్కడ ఎంత ఎత్తు కట్టాలి, బస్సు ఎటు తిరగాలి, ప్రభుత్వ భూమిలో కొంత భాగం చిన్న ఇళ్లకు ఉంచాలా వద్దా అనేవి పాలకులు తీసుకునే నిర్ణయాలు. కుపర్టినోలో ఓనర్లు ప్రతి మీటింగుకీ వెళ్లారు, ప్రతి ఓటూ వేశారు. అద్దెకున్నవాళ్లు ఆఫీసులో ఉండిపోయారు. ఎవరి మాట నెగ్గిందో చూశాం కదా. ఉద్యోగం కోసం ఊరు మారినప్పుడు ఓటు కూడా మార్పించుకోండి, సిమ్ కార్డు మార్చుకున్నంత పని కూడా కాదది.

నాలుగోది, పక్క ఫ్లాట్‌లోకి ఒడిశావాళ్లో బిహార్‌వాళ్లో దిగినప్పుడు వాళ్లు కూడా మీలాగే ఆఫర్ లెటర్ పట్టుకుని, ఇంటి నుంచి తెచ్చిన అడ్వాన్స్ కట్టి వచ్చినవాళ్లని గుర్తుంచుకోండి. ఇద్దరి అద్దే ఏటా పెరుగుతుంది, ఇద్దరి ఓనరూ ఒకడే. ఇద్దరూ కలిసి వెళ్లి అడిగితే ఈ ఏడాది పెంపు కాస్త తగ్గొచ్చు. ముందు ఆ తలుపు తట్టి పలకరించండి.